మీ ప్రశ్నలు: రేడియేషన్ సగంలో ఉండగా తీసే ఎంఆర్ఐ ఏం చెప్తుంది?

ఈసారి చాలామంది ఒకే విషయం చుట్టూ తిరిగే ప్రశ్నలు పంపారు. మెదడులో ట్యూమర్‌కి రేడియేషన్ నడుస్తుండగానే మధ్యలో స్కాన్ తీసి, ఇది లొంగుతోందా పెరుగుతోందా అని ముందే కనిపెట్టొచ్చా అని. పేషెంట్ల ఇంట్లోవాళ్ళు అడిగారు, చదువుకుంటున్న పిల్లలు అడిగారు, కంప్యూటర్ మనిషి ఒకాయన కూడా అడిగాడు. అందుకే ఈ కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: మా నాన్నగారికి గ్లియోబ్లాస్టోమా (వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్). ఆపరేషన్ అయ్యింది, ఇప్పుడు రేడియేషన్ మూడో వారం. ఒక స్టడీ కోసం క్వాంటిటేటివ్ ఎంఆర్ఐ తీస్తాం, ఒప్పుకుంటే సంతకం పెట్టండి అన్నారు. మామూలు ఎంఆర్ఐ కన్నా అది ఎక్కువ ఏం చెప్తుంది? ట్రీట్‌మెంట్ పనిచేస్తోందో లేదో ఇప్పుడే తెలిసిపోతుందా?

జవాబు: అమ్మా, ముందు రెండో ప్రశ్నకే చెప్తా, ఎందుకంటే మీ మనసంతా దాని మీదే ఉంటుంది. ఒక గుంపుగా చూస్తే, అంటే చాలామంది పేషెంట్ల స్కాన్లు కలిపి చూస్తే, మూడో వారంలోనే తేడా కనిపిస్తోందని స్టడీలు చెప్తున్నాయి. కానీ ఆ ఒక్క స్కాన్ చూసి మీ నాన్నగారికి ఇలా అవుతుంది అని గట్టిగా చెప్పే స్థితి ఇంకా రాలేదు. ఎవరైనా అలా చెప్పినా మీరు దాన్ని తీర్పులాగా తీసుకోకండి.

ఇక ఎందుకు తీస్తారంటే, ఈ జబ్బుకి 2005 నుంచి ఎక్కువమందికి ఒకటే పద్ధతి, రోజుకి 2 గ్రే (రేడియేషన్ డోస్‌ని కొలిచే యూనిట్) చొప్పున 30 సార్లు, మొత్తం 60 గ్రే, ఆరు వారాలు, దాంతోపాటు రోజూ టెమోజోలమైడ్ అనే కీమో మాత్రలు. రేడియేషన్ మొదలయ్యే ముందు ఒక స్కాన్ ఉంటుంది, ఆ తర్వాత సాధారణంగా కోర్సు అయిపోయిన నెలకి ఇంకోటి. అంటే దాదాపు పది వారాలు లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనపడదు. అదే డోస్, అవే మాత్రలు ఇచ్చినా ఒకరికి ట్యూమర్ కరుగుతుంది, ఇంకొకరికి ట్రీట్‌మెంట్ నడుస్తుండగానే పెరుగుతుంది, ఈ తేడా మనకి ఆఖర్న తెలుస్తోంది, అప్పటికి చెయ్యగలిగింది తక్కువ. నన్ను అడిగితే ఈ రంగంలో అన్నిటికన్నా బాధ పెట్టే విషయం ఇదే.

మామూలు ఎంఆర్ఐ ఫిల్మ్‌లో తెలుపు, బూడిద, నలుపు కనిపిస్తాయి కదా, ఆ తెలుపుకి యూనిట్ అంటూ ఉండదు. మెషీన్ మారితే, కాయిల్ (సిగ్నల్ పట్టే భాగం) మారితే, సెట్టింగ్ మారితే అదే మెదడు ఇంకోలా కనిపిస్తుంది. డాక్టర్ గారు దాన్ని చూసి ఇక్కడ మచ్చ ఉంది, ఇంత పొడుగు ఇంత వెడల్పు అని రాస్తారు. క్వాంటిటేటివ్ ఎంఆర్ఐలో ఒక్కో చిన్న చుక్కకి ఒక కొలత వస్తుంది, యూనిట్‌తో సహా. నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందనడానికీ థర్మామీటర్ పెట్టి చూడడానికీ ఉన్నంత తేడా. కొలత అయితే పోయిన వారం దాంతో ఈ వారం దాన్ని పోల్చొచ్చు.

పోల్చడం ఎందుకు ముఖ్యమంటే, రేడియేషన్ తగలగానే ట్యూమర్ సైజు తగ్గదు. డీఎన్ఏ దెబ్బతిన్న కణం చాలాసార్లు విడిపోబోయే టైమ్‌లో గానీ చావదు, చచ్చాక దాని పొర చిరుగుతుంది, లోపలి నీళ్ళు బయటి నీళ్ళతో కలుస్తాయి, ఆ చెత్తని శరీరం మెల్లగా ఎత్తిపోస్తుంది, అప్పుడు గానీ గడ్డ చిన్నది కాదు. ఈ వరసలో సైజు అన్నిటికన్నా ఆఖర్న మారేది. నీళ్ళ కదలిక, రక్తం పారే తీరు, ప్రొటీన్ల మోతాదు అంతకన్నా ముందు మారతాయి. మనం కొలవాలనుకుంటున్నవి అవి.

సంతకం సంగతి అంటారా, అదనంగా కొంతసేపు కదలకుండా పడుకోగలిగితే, ఆ ఇరుకులో ఆయనకి భయం లేకపోతే, పెట్టమనే నా సలహా. ఇలాంటి స్కాన్లు కొన్ని వందల మంది ఇచ్చినందుకే మనకి ఈమాత్రమైనా తెలిసింది. కానీ రెండు విషయాలు ముందే అడిగేయండి, ఆ రిజల్ట్ మీకు చెప్తారా, దాన్నిబట్టి ట్రీట్‌మెంట్ ఏమైనా మారుస్తారా అని. ఎక్కువ స్టడీల్లో రెండిటికీ కాదు అనే సమాధానం వస్తుంది, అది తెలిసి సంతకం పెడితే తర్వాత ఎదురుచూపు ఉండదు.

ప్రశ్న: సార్, రేడియాలజీ టెక్నాలజీ చదువుతున్నా. ఏడీసీ పెరిగితే మంచిది, తగ్గితే చెడ్డది అని నోట్స్‌లో ఉంది. మరి మొత్తం ట్యూమర్ ఏడీసీ సగటు తీసుకుంటే అయిపోతుంది కదా, ఈ మ్యాపులు, పర్ఫ్యూజన్, సెస్ట్ ఇవన్నీ ఎందుకు?

జవాబు: నోట్స్‌లో ఉన్నది సగం నిజం. ఏడీసీ అంటే నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా తిరుగుతున్నాయో చెప్పే కొలత, డిఫ్యూజన్ అనే రకం ఎంఆర్ఐ నుంచి వస్తుంది. శరీరం వేడి దగ్గర అడ్డు ఏమీ లేని నీళ్ళకి అది మిల్లీసెకనుకి 3 చదరపు మైక్రాన్ల దగ్గర ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న మెదడు తెల్ల పదార్థంలో 0.7, 0.8 ఆ చుట్టుపక్కల. కణాలు కిక్కిరిసి ఉన్నచోట నీళ్ళకి తిరగడానికి సందు ఉండదు కాబట్టి తక్కువ, కణాలు చచ్చిపోయి ఖాళీ అయినచోట ఎక్కువ. ఇంతవరకు బాగానే ఉంది.

ఇప్పుడు సగటు సంగతి చూడు. ఒక ట్యూమర్ ఉందనుకో, ముందు భాగంలో ఏడీసీ 1.0, వెనక భాగంలో 1.4. మూడు వారాల రేడియేషన్ తర్వాత ముందు భాగం 1.6 అయ్యింది, అంటే అక్కడ కణాలు చస్తున్నాయి. వెనక భాగం 0.8కి దిగింది, అంటే అక్కడ ఇంకా కిక్కిరుస్తున్నాయి. సగటు? ముందు 1.2, ఇప్పుడూ 1.2. రిపోర్ట్‌లో "పెద్దగా మార్పు లేదు" అని వస్తుంది, లోపల చూస్తే ఒక పక్క గెలుస్తున్నాం, ఒక పక్క ఓడిపోతున్నాం, ఆ ఓడిపోయే పక్కే రేపు పేషెంట్‌ని ముంచేది. (ఈ అంకెలు అర్థం కావడానికి నేను వేసినవి, ఏ పేషెంట్‌వీ కావు.) అందుకే మిచిగన్ యూనివర్సిటీ వాళ్ళు 2005లో ఫంక్షనల్ డిఫ్యూజన్ మ్యాప్ అని ఒకటి తీసుకొచ్చారు, ట్రీట్‌మెంట్ ముందు స్కాన్‌నీ మూడు వారాల స్కాన్‌నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి, చుక్క చుక్కకీ తేడా తీసి, బాగా పెరిగినచోట ఎరుపు, బాగా తగ్గినచోట నీలం, మిగతాది ఆకుపచ్చ. వాళ్ళ గీత మిల్లీసెకనుకి 0.55 చదరపు మైక్రాన్లు, అంతకు మించి మారితేనే రంగు. ఎరుపు ఎంత శాతం ఉంది అనేదాన్నిబట్టి తర్వాత ఎవరు లొంగుతారో చెప్పగలిగారు, అదీ సైజు మారడం కన్నా చాలా ముందు.

కానీ ఆ "ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టడం" అన్నానే, చెప్పినంత తేలిక కాదు. ఆపరేషన్ చేసిన గొయ్యి వారం వారం ముడుచుకుంటుంది, వాపు తగ్గితే మెదడు జరుగుతుంది, మామూలు డిఫ్యూజన్ ఇమేజ్ గాలి ఉండే సైనస్‌ల దగ్గర, పుర్రెకి వేసిన మెటల్ ప్లేట్ల దగ్గర సాగిపోయి వంకర తిరుగుతుంది. నువ్వు రేపు కన్సోల్ దగ్గర కూర్చున్నప్పుడు తల పొజిషన్ పోయినసారి లాగే పెట్టడం, అవే బీ వాల్యూలు (డిఫ్యూజన్ స్కాన్ సెట్టింగులు) వాడడం, అదే మెషీన్ మీద తియ్యడం, ఇవి చిన్న విషయాలు అనుకోకు, రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే ట్యూమర్ అంచు మొత్తం ఎరుపో నీలమో అయిపోతుంది, అదంతా అబద్ధం.

తగ్గితే చెడ్డది అనేదానికి కూడా మినహాయింపులు ఉన్నాయి. ఆపరేషన్ అయిన కొత్తలో గొయ్యి అంచున రక్తం అందక కొంత భాగం చచ్చిపోతే అక్కడా ఏడీసీ బాగా తక్కువే ఉంటుంది, అది ట్యూమర్ కాదు. బెవాసిజుమాబ్ (కొత్త రక్తనాళాల్ని అడ్డుకునే మందు) తీసుకునేవాళ్ళలో చచ్చిన కణజాలమే తక్కువ ఏడీసీతో కనిపించొచ్చు. అటువైపు చూస్తే వాపు వల్ల ఏడీసీ పెరుగుతుంది, కణాలు చచ్చాయని కాదు, నీళ్ళు చేరాయని. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడితే ఆ నీళ్ళు తగ్గి ఏడీసీ దిగుతుంది, ట్యూమర్ పెరిగిందని కాదు. అందుకే ఆ రోజు స్టెరాయిడ్ డోస్ ఎంత అనేది రాసుకోకపోతే ఆ స్కాన్ సగం పనికిరాదు.

అందుకని ఒక్కదాని మీద ఆధారపడకుండా మిగతావి. పర్ఫ్యూజన్‌లో రక్తం ఎంత చేరుతోంది, రక్తనాళాలు ఎంత కారుతున్నాయి అనేది కొలుస్తాం, ట్యూమర్ తిరిగి పుంజుకోవాలంటే దానికి కొత్త నాళాలు కావాలి కాబట్టి. ఏఎస్ఎల్ అనే పద్ధతిలో గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండా రక్తంలోని నీళ్ళకే గుర్తు పెట్టి పారకం కొలుస్తారు, పదే పదే తియ్యాల్సినప్పుడు అది చాలా సౌకర్యం.

సెస్ట్, అంటే ప్రొటీన్ల ఆనవాళ్ళు పట్టే ఎంఆర్ఐ పద్ధతి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ప్రొటీన్లలో అమైడ్ గుంపుకి పట్టుకుని ఉండే ప్రోటాన్లు నీటి ఫ్రీక్వెన్సీకి 3.5 పీపీఎం (పది లక్షల్లో వంతులు) దూరంలో ఉంటాయి, అవి చాలా తక్కువ, నేరుగా చూడలేం. కానీ అవి ఊరికే ఉండవు, చుట్టూ ఉన్న నీటిలోని ప్రోటాన్లతో స్థానాలు మార్చుకుంటూనే ఉంటాయి. మనం ఆ 3.5 దగ్గర కొన్ని సెకన్లు రేడియో తరంగం కొడితే వాటి సిగ్నల్ అణిగిపోతుంది, అణిగినవి నీళ్ళలోకి వెళ్తాయి, కొత్తవి వస్తాయి, అవీ అణుగుతాయి, అలా పోగుపడి నీటి సిగ్నలే కొంచెం తగ్గుతుంది, ఆ తగ్గుదలని మనం కొలుస్తాం. బతికి పెరుగుతున్న ట్యూమర్‌లో ప్రొటీన్లు ఎక్కువ కాబట్టి ఈ సిగ్నల్ ఎక్కువ, రేడియేషన్ వల్ల చచ్చిన చోట తక్కువ. టొరంటోలో సన్నీబ్రూక్ వాళ్ళు గ్లియోబ్లాస్టోమా పేషెంట్లకి రేడియేషన్ నడుస్తుండగానే మధ్యమధ్యలో ఇది తీసి, తర్వాత ఎవరికి పెరిగింది ఎవరికి పెరగలేదు అనేదాంతో పోల్చి చూశారు, మొదటి వారాల్లోనే ఆనవాళ్ళు కనిపించాయి. చిన్న స్టడీలే, అయినా దారి చూపించేవి.

ఇంకొక్క మాట, నువ్వు టెక్నాలజీ మనిషివి కాబట్టి. మార్పు వచ్చింది అనే ముందు, ఏ మార్పూ లేని మనిషికి రెండుసార్లు తీస్తే ఎంత తేడా వస్తుందో తెలియాలి. నార్త్ అమెరికా రేడియాలజీ సొసైటీ 2007లో మొదలుపెట్టిన క్విబా అనే ప్రయత్నంలో దీని మీద చాలా పని చేశారు, మెదడులో ఏడీసీ కనీసం 11 శాతం మారితే గానీ 95 శాతం నమ్మకంతో అది నిజమైన మార్పు అనలేం అని తేల్చారు. అంతకు తక్కువ మారితే అది మెషీన్ గోల కావచ్చు. మీ మెషీన్ నిజం చెప్తోందా అనేదానికి ఐస్ నీళ్ళ ఫాంటమ్ (మెషీన్‌ని పరీక్షించే నమూనా) ఉంది, సున్నా డిగ్రీల దగ్గర నీళ్ళ ఏడీసీ 1.1 రావాలి, రాకపోతే పేషెంట్ అంకె నమ్మకు.

ప్రశ్న: మా అన్నయ్యకి రేడియేషన్ అయిపోయి నెల అయ్యింది. స్కాన్‌లో మచ్చ ముందుకన్నా పెద్దదైంది అన్నారు. మనిషి మాత్రం బాగానే ఉన్నాడు. డాక్టర్ గారు అదే మాత్ర కొనసాగించి మళ్ళీ స్కాన్ తీద్దాం అంటున్నారు. పెరిగిందని తెలిసి కూడా ఊరికే చూస్తూ కూర్చోవడం ఏంటండీ?

జవాబు: మీ కోపం అర్థమైంది. కానీ మీ డాక్టర్ గారు చేస్తున్నది సరైన పనే. రేడియేషన్, టెమోజోలమైడ్ రెండూ తీసుకున్నవాళ్ళలో గమనించదగినంత మందికి మొదటి మూడు నెలల్లో మచ్చ పెద్దదై, కొత్త మందు ఏదీ ఇవ్వకుండానే తర్వాత దానంతటదే తగ్గుతుంది. దీన్ని సూడోప్రోగ్రెషన్ అంటారు, ట్రీట్‌మెంట్ దెబ్బకి రక్తనాళాల గోడలు కారడం వల్ల కాంట్రాస్ట్ బయటికి వచ్చి తెల్లగా మెరుస్తుంది, ఫిల్మ్ మీద అచ్చం ట్యూమర్ పెరిగినట్టే ఉంటుంది. ట్యూమర్‌లో ఎంజీఎంటీ అనే జీన్ మిథైలేటెడ్ అయి (అణిగి) ఉన్నవాళ్ళలో, అంటే మందు బాగా పనిచేసేవాళ్ళలోనే, ఇది ఎక్కువ కనిపిస్తుంది. ఆ సమయంలో కంగారుపడి మందు ఆపేస్తే పనిచేస్తున్న మందునే ఆపినట్టు.

అందుకే డాక్టర్లు వాడే రానో అనే నియమాల్లో, రేడియేషన్ అయిన మొదటి 12 వారాల్లో స్కాన్ ఒక్కటీ చూసి సాధారణంగా జబ్బు ముదిరిందని నిర్ధారించకూడదు అని ఉంది. 2023లో వచ్చిన కొత్త రూపంలో రేడియేషన్ తర్వాతి స్కాన్‌నే మొదటి మెట్టుగా పెట్టుకుని అక్కడి నుంచి పోల్చమన్నారు, ఆ తొలి వారాల్లో పెరిగినట్టు కనిపిస్తే మళ్ళీ స్కాన్ తీసి ఖాయం చేసుకోమన్నారు. ఎంజీఎంటీ రిపోర్ట్ మీ ఫైల్లో ఉందేమో చూడండి. ఇంకా పర్ఫ్యూజన్ తీశారా అని అడగండి, మెరిసేచోట రక్తం పరిమాణం ఎక్కువగా ఉంటే అసలు ట్యూమర్ అనే అనుమానం పెరుగుతుంది, తక్కువగా ఉంటే ట్రీట్‌మెంట్ ప్రభావం వైపు మొగ్గుతుంది, రెండూ కలిసి ఉండే వాళ్ళూ చాలామంది. మనిషికి కొత్తగా తలనొప్పి, ఫిట్స్, చెయ్యో కాలో బలం తగ్గడం, మాట తడబడడం ఇవేమైనా వస్తే మాత్రం తర్వాతి స్కాన్ డేట్ దాకా ఆగకండి, వెంటనే చూపించండి.

నిజానికి ట్రీట్‌మెంట్ నడుస్తుండగా కొలవాలి అనే ఆరాటం వెనక ఉన్నది మీలాంటి ఇళ్ళలోని ఈ నెలల ఎదురుచూపే. మూడో వారంలో ఉన్న కొలతలు చేతిలో ఉంటే, నెల తర్వాత మచ్చ పెరిగినప్పుడు ఇది ఏ రకం పెరుగుదల అని కొంచెం ధైర్యంగా చెప్పొచ్చు.

ప్రశ్న: ఎంఆర్ లినాక్ అనే మెషీన్‌లో రోజూ ఎంఆర్ఐ తీసి రేడియేషన్ ఇస్తారట. రోజూ స్కాన్ అంటే అదనపు రేడియేషన్ కదా?

జవాబు: కాదండీ. ఎంఆర్ఐలో ఎక్స్-రే ఉండదు, అయస్కాంతం, రేడియో తరంగాలే. ఎంఆర్ఐ, రేడియేషన్ ఇచ్చే యంత్రం రెండూ కలిసి ఉండే మెషీన్లలో 1.5 టెస్లా (అయస్కాంతం బలం) రకాన్ని నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో 2017లో మొదటి పేషెంట్‌కి వాడారు. రోజూ టేబుల్ మీదకి వచ్చే మనిషికి అక్కడే కొలతలు కూడా తీసెయ్యొచ్చు, విడిగా అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, అదే దాని అందం. కాకపోతే దాని గ్రేడియంట్లు (అయస్కాంత క్షేత్రాన్ని మార్చే కాయిల్స్) మామూలు డయాగ్నస్టిక్ స్కానర్ అంత బలంగా ఉండవు, డిఫ్యూజన్ కొంచెం గోలగా వస్తుంది, దాని అంకెని వేరే స్కానర్ అంకెతో కలిపి చూడకూడదు. దాని రోజువారీ అంకెల్ని వాటితో వాటినే పోల్చాలి.

ప్రశ్న: నేను డేటా సైన్స్ వైపు పనిచేస్తా. 50, 60 మంది పేషెంట్ల ఎంఆర్ఐ మీద మోడల్ కట్టి ప్రోగ్రెషన్‌ని (ట్యూమర్ పెరగడాన్ని) 90 శాతం పైన కరెక్ట్‌గా చెప్పాం అనే పేపర్లు కనిపిస్తుంటాయి. మరి హాస్పిటల్స్‌లో ఎందుకు వాడట్లేదు?

జవాబు: మీకు తెలిసిన రోగమే, ఇక్కడ ఇంకా ముదిరింది. 60 మంది మనుషులు, ఒక్కొక్కరి ట్యూమర్ నుంచి తీసిన వెయ్యి ఫీచర్లు (అంకెలుగా తీసిన లక్షణాలు), ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి కలిసి తీరుతుంది. ఇంకో పొరపాటు చుక్కల లెవెల్లో మోడల్ కట్టినప్పుడు జరుగుతుంది, ఒకే పేషెంట్ చుక్కలు కొన్ని ట్రైనింగ్‌లో, కొన్ని టెస్ట్‌లో పడతాయి, అప్పుడు మోడల్ జబ్బుని కాదు ఆ మనిషి మెదడుని గుర్తుపడుతోంది. పేషెంట్ల వారీగా విడగొట్టాలి, ఇంకా మంచిది వేరే హాస్పిటల్ వేరే కంపెనీ స్కానర్ మీద పరీక్షించాలి, చాలా మోడళ్ళు అక్కడే పడిపోతాయి.

అసలు 90 శాతం అనేదాన్ని కూడా అనుమానించండి. ఈ జబ్బులో ఎక్కువమందికి ఎప్పటికైనా తిరిగి వస్తుంది. ఒక గుంపులో 100లో 80 మందికి ఏడాదిలో పెరిగిందనుకోండి, ఏ స్కానూ చూడకుండా "అందరికీ పెరుగుతుంది" అన్నవాడికి కూడా 80 శాతం వస్తుంది. వయసు, ఆపరేషన్‌లో ఎంత తీయగలిగారు, మనిషి తన పనులు తాను చేసుకోగలుగుతున్నాడా, ఎంజీఎంటీ, ఈ నాలుగూ ముందే తెలుసు, అదనపు ఖర్చు లేనివి. వీటి మీద ఎంఆర్ఐ కొలత అదనంగా ఎంత కలిపింది, అదీ ఏ వారంలో తీసింది కలిపింది, ఈ ప్రశ్నకి జవాబిచ్చే పేపర్‌ని నేను గౌరవిస్తా. మీలాంటివాళ్ళు కొత్త నెట్‌వర్క్ కనిపెట్టడం కన్నా ఆ పని చేస్తే ఎక్కువ మందికి మేలు.

ప్రశ్న: ముందే తెలిసిపోతే మొండిగా ఉన్నచోట డోస్ పెంచేస్తే సరిపోతుంది కదా?

జవాబు: వినడానికి అంతే ఉంటుంది. మిచిగన్ వాళ్ళు హై బీ వాల్యూ డిఫ్యూజన్‌లో కణాలు కిక్కిరిసినట్టు కనిపించిన చోట, పర్ఫ్యూజన్‌లో రక్తం ఎక్కువ ఉన్నచోట 30 సార్లలోనే 75 గ్రే దాకా ఇచ్చి చూశారు, ఒకటే గుంపు ఉన్న చిన్న ట్రయల్, ఫలితాలు ఆశ పుట్టించాయి. ఫ్రాన్స్‌లో స్పెక్ట్రో గ్లియో అని పెద్ద ట్రయల్, అందులో ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీలో (కణజాలంలోని రసాయనాలు కొలిచే పద్ధతి) ట్యూమర్‌లో పెరిగే కోలిన్ ఎక్కువ, ఆరోగ్యమైన నరాల కణాల్లో ఉండే ఎన్ఏఏ తక్కువ ఉన్నచోటికి 72 గ్రే ఇచ్చారు, మామూలు 60 గ్రే వాళ్ళతో లాటరీ పద్ధతిలో విడగొట్టి పోల్చారు. ఆయుష్షు పెరగలేదు. కాబట్టి చోటు సరిగ్గా కనిపెట్టినంత మాత్రాన అక్కడ డోస్ పెంచితే గెలుస్తాం అని కాదు. ఆ కణాలు డోస్‌కి లొంగని రకమే కావచ్చు, చూపించిన చోటు పక్కన కనపడనివి ఉండొచ్చు. పైగా బ్రెయిన్ స్టెమ్ (మెదడు కాండం), ఆప్టిక్ కయాజ్మా (చూపు నరాలు కలిసే చోటు) లాంటివి 54 గ్రే దగ్గరే ఆగమంటాయి, వాటి పక్కన ఉన్న ట్యూమర్‌కి పెంచడానికి చోటే ఉండదు.

నాకు ఇంకో వైపు ఎక్కువ ఆశ ఉంది. డోస్ పెంచడం కాదు, అనవసరమైన చోట తగ్గించడం. మామూలుగా ట్యూమర్ చుట్టూ ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల మంచి మెదడుని కూడా కలిపి కాలుస్తాం, ఎక్కడ పాకిందో తెలియదు కాబట్టి. ఎంఆర్ లినాక్ మీద వారం వారం కొత్త ఇమేజ్ తీసి ప్లాన్ మార్చుకుంటూ ఆ అంచుని 5 మిల్లీమీటర్లకి కుదించి చూసిన ట్రయల్ టొరంటోలో నడిచింది. జబ్బు ఎటూ ఎక్కువగా మొదటి చోటే తిరిగి వస్తున్నప్పుడు చుట్టూ ఉన్న మెదడుని కాపాడితే, మనిషికి ఉన్న నెలల్లో జ్ఞాపకం, మాట, నడక మిగులుతాయి. ఆ నెలలు ఇంటివాళ్ళకి ఎంతో నాకు తెలుసు.

ప్రశ్న: మధ్యలో తీసే స్కాన్‌కి వెళ్ళేముందు మేం చెయ్యాల్సింది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. స్టెరాయిడ్ ఏ రోజు మొదలైంది, డోస్ ఎప్పుడు మార్చారు అనేది తేదీలతో ఒక కాగితం మీద రాసి స్కాన్ దగ్గర ఇవ్వండి. స్కాన్ కోసం అని మీ అంతట మీరు స్టెరాయిడ్ ఆపొద్దు, తగ్గించొద్దు, అది ప్రమాదం. వీలైతే అన్ని స్కాన్లూ ఒకే సెంటర్‌లో, ఒకే మెషీన్ మీద తీయించుకోండి. వేరే చోట తీయించుకోక తప్పకపోతే ఫిల్ములు కాదు, పూర్తి డేటా సీడీలోనో పెన్ డ్రైవ్‌లోనో అడిగి తెచ్చుకోండి, ఫిల్మ్ మీద నుంచి ఏ కొలతా మళ్ళీ తీయలేరు. పేస్‌మేకర్, క్లిప్పులు, షంట్ (మెదడులోని నీటిని బయటికి పంపే గొట్టం) లాంటివి ఒంట్లో ఏమున్నా, షంట్‌కి అడ్జస్ట్ చేసే వాల్వ్ ఉంటే అది ముఖ్యంగా, ప్రతిసారీ చెప్పండి, పోయినసారి చెప్పాం కదా అని వదిలెయ్యకండి. కిడ్నీ జబ్బు ఉంటే గాడోలినియం ఎక్కించే ముందు ఆ సంగతీ చెప్పాలి.